పైన ఉన్న ఊళ్లు

మా నాన్న ఓదెలు
ఈ ఊళ్లన్నిటినీ కింది నుంచి ఎరుగును.

ముప్పై ఒక్క ఏడు బల్లార్షా మూడో నంబరు బాయిలో
బొగ్గు టబ్బులు నెట్టినవాడు.
సర్వేయరు దేశ్‌కర్ సాబు
బొగ్గు స్తంభాల మీద సున్నంతో రాసేవాడట:
ఈ నెత్తిన కోట బురుజు
ఈ నెత్తిన వార్ధా ఒడ్డు
ఇక్కడ మందు పేల్చొద్దు, పైన దర్గా.
నాన్నకు చదువు రాదు.
పదకొండో లెవెల్లో ఎడమకు తిరిగితే చిందోలి,
గాలి తగిలి చెమట ఆరితే ఖైర్‌బోడి,
కప్పు నుంచి మెడ మీద చుక్క రాలితే ఏరు.
అంతే ఆయన భూగోళం.

బాయి మూసేసిన ఏడేళ్లకు అన్నాడు,
"బిడ్డా, ఆ ఊళ్లు పైనుంచి ఎట్లుంటయో సూపియ్యి."

స్కూటీ మీద ముందు చాందా పోయాం.
కోట గుమ్మం మీద రాతి సింహం
ఏనుగును కిందేసి తొక్కుతోంది.
నాన్న సింహం వైపు చూడలేదు.
"దాని నడుమెట్ల ఓర్సుకుంటుందో" అన్నాడు
ఏనుగును చూసి.

బల్లార్షా కోటలో
రెండు దర్వాజాల నడిమి మలుపులో ఆగి
కర్రతో నేలను రెండుసార్లు తట్టి, చెవి ఒగ్గాడు.
కప్పు గట్టిదో డొల్లదో వినే పాత అలవాటు.
"గట్టిదే. ఈడ తియ్యలే.
రాజుల జాగా అని ఇడిసిపెట్టిన్రు."
మరి ఊళ్ల కింద?
బీడీ కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు.

దారిలో కంపెనీ దొరల సమాధులు మూడు.
పేర్లను వాన తినేసింది.
ఒకదాని మీద మేక పడుకుని నెమరేస్తోంది.
నాన్న దానికి దండం పెట్టాడు,
మేకకో దొరకో నేనడగలేదు.

చిందోలిలో నీలం గోడలు, పత్తికట్టె మోపులు,
వాకిట్లో ఎండబోసిన సోయా.
"అరె, ఇంత ఎండుంటదా ఈడ!"
ఆయన ఎరిగిన చిందోలిలో
ఎప్పుడూ రాత్రే.

ఊరి చివర రాతి బావి.
గోండు రాజులు తవ్వించిందని చెప్పుకుంటారు.
మెట్టు మెట్టుకూ గూడు, గూటి గూటికీ దీపపు మసి,
అడుగున తెగిన చెప్పులు, ఒక మంచంకోడు.

గిర్జాబాయి ఆత్రం
ట్యాంకరు నీళ్లు గ్లాసుతో తెచ్చిచ్చి చెప్పింది.
పోలా పండుగనాడు ఎడ్లను కడిగిన బావి
తెల్లారేసరికి ఇంకిపోయిందట.
మబ్బున బిందె వదిలితే
తాడంతా అయిపోయినా చప్పుడు రాలేదట.
భగత్ వచ్చాడు, కోడిని కోశాడు,
బాలింత నీడ పడిందని తేల్చాడు.
"ఆ బాలింతను నేనే" అంది
పళ్లు లేని నోటితో నవ్వుతూ.
"తొమ్మిదేళ్లు ఎవరూ నా చేతి నీళ్లు తాగలేదు."

నాన్న గ్లాసు పెదవి దగ్గరే ఆగిపోయింది.

ఆ అమావాస్య రాత్రి నాన్నది మూడో షిఫ్టు.
పదకొండో లెవెల్లో ఎడమ గోడ చీలి
నీళ్లు నడుముకు వచ్చాయి.
తొమ్మిది దినాలు పంపులు పెట్టి వార్ధాలోకి తోడారు.
డబుల్ ఓటీ ఇచ్చారు.
నా మొదటి వెండి పట్టీలు ఆ డబ్బులవే.
ఆ కథ మా ఇంట్లో
పట్టీల కథగానే చెప్పుకునేవాళ్లం.

నాన్న నీళ్లన్నీ తాగాడు,
అడుగున చుక్క మిగలకుండా.
అప్పుడు, రాని మరాఠీలో,
సగం తెలుగు కలిపి,
"నీ నీడ కాదు బాయీ.
నీ బాయి మా బాయిల పడ్డది."

ఆమెకు అర్థమయ్యేదాకా
రెండు లారీలు దుమ్ము రేపుకుంటూ పోయాయి.
కోప్పడుతుందనుకున్నాను.
కొంగుతో గ్లాసు తుడుస్తూ అడిగింది,
"అంత కిందికి వచ్చాక కూడా
తియ్యగానే ఉన్నాయా, మా నీళ్లు?"

నాన్న చెయ్యి నుదుటి మీదికి పోయింది,
దీపం ఉండే చోట
తడుముకుంటూ.